మామని కాపాడిన తీర్పు కోడలి దగ్గర ఆగిపోయింది

ఒక చిక్కు ప్రశ్న అడుగుతాను. ఇద్దరు ఎమ్మెల్యేలు ఉన్నారనుకోండి. ఓటు కోసం ఇద్దరూ ఒకే మనిషి దగ్గర డబ్బు తీసుకున్నారు. మొదటాయన తీసుకున్నదానికి 'న్యాయం' చేశాడు, చెప్పినట్టే ఆ మనిషికి ఓటేశాడు. రెండో ఆయన డబ్బు జేబులో వేసుకుని, ఓటు మాత్రం సొంత పార్టీకే వేసుకున్నాడు. వీళ్లలో ఎవరి మీద లంచం కేసు నడుస్తుంది?

ఇద్దరి మీదా అంటారు కదా. ఎవరైనా అదే అంటారు. కానీ 1998 నుంచి 2024 మార్చి 4 వరకు, అంటే దాదాపు 26 ఏళ్లు, మన దేశంలో కోర్టు మెట్లెక్కితే వచ్చే జవాబు వేరు. మొదటాయన సేఫ్. రెండో ఆయన బుక్కయిపోతాడు. డబ్బు తీసుకుని మాట నిలబెట్టుకున్నవాడికి రాజ్యాంగ రక్షణ, మాట తప్పినవాడికి సీబీఐ!

జోక్ కాదు. ఈ తిరకాసు మొత్తం ఒక్క ఇంట్లో, మామ దగ్గర మొదలై కోడలి దగ్గర ముగిసింది. కోడలి పేరు సీతా సోరెన్. జార్ఖండ్‌లో జామా నుంచి మూడుసార్లు ఎమ్మెల్యే. మామగారి పేరు మీరు వినే ఉంటారు, శిబూ సోరెన్. మధ్యలో మన తెలుగాయన కూడా ఉన్నారు. అందుకే ఈ వారం జార్ఖండ్ కథ.

సోరెన్ల ఇంటి గురించి ముందు నాలుగు ముక్కలు. శిబూ సోరెన్ అంటే సంతాల్ పల్లెల్లో 'దిశోం గురు'. వడ్డీ వ్యాపారులు లాగేసుకున్న పొలాల్లో ఆదివాసీలతో వరి కోయించి పేరు తెచ్చుకున్న మనిషి. జార్ఖండ్ ముక్తి మోర్చా, అదే జేఎంఎం, పెట్టినవాళ్లలో ఒకరు. 2000 నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం వచ్చిందంటే అందులో ఆయన పోరాటం పాలు చాలా ఉంది. ముఖ్యమంత్రి అయ్యారు, కేంద్రమంత్రి అయ్యారు, 2025 ఆగస్టులో పోయారు. ఆయన పెద్దకొడుకు దుర్గా సోరెన్, జామా ఎమ్మెల్యేగా చేశారు. వారసుడు ఆయనే అని అందరూ అనుకునేవారు. 2009లో ఆయన చనిపోయారు. వారసత్వం రెండో కొడుకు హేమంత్ వైపు వెళ్లింది. దుర్గా భార్య సీత అదే ఏడాది జామాలో పోటీ చేసి గెలిచారు. 2014లో, 2019లో మళ్లీ గెలిచారు. భర్త పోయిన ఇంట్లో, మరిది చేతిలో పార్టీ, తన చేతిలో ఒక్క నియోజకవర్గం. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు 2012 మార్చి 30కి వెళ్దాం. ఆ రోజు జార్ఖండ్‌లో రెండు రాజ్యసభ సీట్లకి ఎన్నిక. అక్కడి అసెంబ్లీలో 81 మంది ఎమ్మెల్యేలు. రెండు సీట్లున్నప్పుడు ఒకదానికి 28 మొదటి ప్రాధాన్య ఓట్లు పడితే గెలిచినట్టే. అంటే ఢిల్లీ పెద్దల సభలో ఆరేళ్ల సీటుకి మీరు ఒప్పించాల్సింది లక్షల మందిని కాదు, ఇరవై ఎనిమిది మందిని. డబ్బున్న స్వతంత్ర అభ్యర్థులకి చిన్న రాష్ట్రాల రాజ్యసభ ఎన్నికల మీద అంత ప్రేమ ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆ పోలింగ్ రోజే రాంచీ దగ్గర ఒక కారులో 2.15 కోట్ల రూపాయల నగదు పట్టుబడింది. ఎన్నికల సంఘం ఊరుకోలేదు. ఎన్నికనే రద్దు చేసేసింది. మళ్లీ మేలో పెట్టారు. హైకోర్టు ఆదేశంతో కేసు సీబీఐ చేతికి వెళ్లింది. ఆ దర్యాప్తులో బయటికొచ్చిన పేర్లలో సీతా సోరెన్ ఒకరు. ఒక స్వతంత్ర అభ్యర్థికి ఓటేస్తానని డబ్బు తీసుకున్నారన్నది ఆరోపణ.

ఇక్కడే అసలు మలుపు. రాజ్యసభ ఎన్నిక మన అసెంబ్లీ ఎన్నికలా రహస్యం కాదు. 2003లో చట్టం మార్చారు. పార్టీ ఎమ్మెల్యే బ్యాలెట్ మీద అంకె వేశాక, పెట్టెలో వేసేముందు దాన్ని తమ పార్టీ ఏజెంటుకి చూపించాలి. కాబట్టి సీత ఓటు ఎటు పడిందో అందరికీ తెలుసు. ఆవిడ ఆ స్వతంత్రుడికి వెయ్యలేదు. సొంత పార్టీ అభ్యర్థికే వేశారు. మేలో మళ్లీ జరిగినప్పుడూ సొంత పార్టీకే వేశారు.

అయితే కేసే లేదు కదా అంటారా? ఆవిడ లాయర్లు అంతకంటే పెద్ద మాటే అన్నారు. కేసు కొట్టేయండి, ఎందుకంటే ఎమ్మెల్యే వేసిన ఓటుకి సంబంధించి కోర్టులు ప్రశ్నించడానికి వీల్లేదు, రాజ్యాంగం 194వ అధికరణం రెండో క్లాజు అదే చెప్తోంది, సుప్రీంకోర్టు 1998లోనే తేల్చేసింది అన్నారు. 2014లో జార్ఖండ్ హైకోర్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి చెప్పిన కారణం చూడండి: మీరు డబ్బిచ్చినవాళ్లకి ఓటెయ్యలేదుగా, మరి ఆ ఓటుకీ ఈ డబ్బుకీ లింకెక్కడ? లింకు లేదు కాబట్టి రక్షణా లేదు!

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు రెండుసార్లు వెనక్కి స్క్రోల్ చేశాను. హైకోర్టుని తప్పుపట్టడానికి లేదు. పైకోర్టు ఇచ్చిన తీర్పుని ఉన్నది ఉన్నట్టు అన్వయించింది, అంతే. తిరకాసు ఆ పై తీర్పులో ఉంది.

ఆ తీర్పు పేరు 'పీవీ నరసింహారావు వర్సెస్ స్టేట్'. అవును, మన పీవీ. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర నుంచి ప్రధాని పీఠం దాకా వెళ్లిన పీవీ, బహుభాషా కోవిదుడు, ఆర్థిక సంస్కరణల ప్రధాని. ఆయన పేరు చెప్తే మనం ఛాతీ కాస్త పైకెత్తుకుంటాం, నేనూ అంతే. కానీ లా కాలేజీల్లో ఆయన పేరు మీద పిల్లలు చదివేది మాత్రం ఒక లంచం కేసు. ఏం చేస్తాం, రికార్డు రికార్డే.

1991లో పీవీ ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు. 1993 జులైలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. జులై 28న ఓటింగ్. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం గట్టెక్కింది. గట్టెక్కించినవాళ్లలో జేఎంఎం ఎంపీలు నలుగురు ఉన్నారు, అందులో ఒకరు శిబూ సోరెన్. మరో పార్టీ ఎంపీలు కొందరు కూడా. కొన్నాళ్లకి ఆరోపణ బయటికొచ్చింది: ఆ ఓట్లు ఊరికే పడలేదు, డబ్బు చేతులు మారింది అని. సీబీఐ కేసు పెట్టింది. జేఎంఎం ఎంపీల్లో ఒకాయన అప్రూవర్ అయ్యారు. అంటే, అవును, తీసుకున్నాం అని చెప్పడానికి ముందుకొచ్చారు.

కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1998 ఏప్రిల్ 17న అయిదుగురు జడ్జీలు 3-2 తేడాతో తీర్పిచ్చారు. అంతా ఒక్క మాట మీద నడిచింది: 'సంబంధించి'. సభలో మాట్లాడిన దానికి గానీ వేసిన ఓటుకి గానీ 'సంబంధించి' సభ్యుడి మీద ఏ కోర్టులోనూ చర్య ఉండకూడదని రాజ్యాంగం రాసింది. దాని ఉద్దేశం మంచిదే. సభలో ప్రభుత్వాన్ని ఏకిపారేసిన ఎమ్మెల్యేని బయటికి రాగానే కేసులు పెట్టి వేధించకూడదు. కానీ ముగ్గురు జడ్జీలు ఆ 'సంబంధించి'ని చాలా పొడవుగా సాగదీశారు. ఓటు కోసం తీసుకున్న లంచం కూడా ఓటుకి 'సంబంధించిందే' కాబట్టి, ఓటేసిన ఎంపీలకి రక్షణ ఉంటుందన్నారు. మిగతా ఇద్దరు జడ్జీలు కుదరదన్నారు గానీ మెజారిటీ మెజారిటీయే.

మరి ఓటెయ్యనివాళ్ల సంగతేంటి? నిందితుల్లో అజిత్ సింగ్ ఉన్నారు, ఇప్పటి కేంద్రమంత్రి జయంత్ చౌధరి తండ్రి. ఆయన ఆ రోజు ఓటింగులో పాల్గొనలేదు. ఓటే లేదు కాబట్టి ఆయనకి రక్షణ లేదు, విచారణ ఎదుర్కోవాల్సిందే అన్నారు. డబ్బిచ్చినవాళ్లకీ రక్షణ లేదు. సీత కేసులో హైకోర్టు పట్టుకున్న కొమ్మ ఇదే.

డబ్బిచ్చారన్న ఆరోపణ మీద పీవీ విచారణ ఎదుర్కొన్నారు. 2000లో ఢిల్లీ ప్రత్యేక కోర్టు ఆయనకీ బూటా సింగ్‌కీ మూడేళ్ల శిక్ష వేసింది. మాజీ ప్రధానికి క్రిమినల్ కేసులో శిక్ష పడటం అదే మొదటిసారి. 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, అప్రూవర్ మాటలు నమ్మేలా లేవంది. పీవీ నిర్దోషిగా బయటపడ్డారు, అది కూడా రికార్డే, పూర్తిగా చెప్పాలి. తీసుకున్నారన్న ఎంపీలకేమో తీర్పు గొడుగు పట్టేసింది. దేశాన్ని ఊపేసిన కేసు, చివరికి అలా చల్లారిపోయింది.

మామని కాపాడిన ఈ గొడుగే తనకీ పట్టమని 2014లో కోడలు సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

ఆవిడ తట్టిన తలుపు తెరుచుకోవడానికి పదేళ్లు పట్టింది. 2019లో ముగ్గురు జడ్జీలు, ఇది పెద్ద విషయం, పెద్ద బెంచికి పోవాలన్నారు. 2023 సెప్టెంబరులో అయిదుగురు జడ్జీలు, పాత తీర్పు ఇచ్చింది కూడా అయిదుగురే కాబట్టి ఏడుగురు కావాలన్నారు. అక్టోబరులో ఏడుగురు కూర్చుని రెండు రోజులు విన్నారు. 2024 మార్చి 4న తీర్పు. అప్పటి చీఫ్ జస్టిస్ డీవై చంద్రచూడ్ రాశారు, ఏడుగురూ ఒకే మాట మీద ఉన్నారు. ఆ ఏడుగురిలో జస్టిస్ పీఎస్ నరసింహ, జస్టిస్ సంజయ్ కుమార్ హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లే.

తీర్పు సారం రెండు మూడు వాక్యాల్లో చెప్పొచ్చు. సభ్యుడికి రక్షణ ఉండేది సభ పని సాగడానికి, ఆయన బాధ్యత నెరవేర్చడానికి ఎంత అవసరమో అంతవరకే. లంచం తీసుకోవడం సభ పనిలో భాగం కాదు. రాజ్యసభ ఎన్నికలో వేసే ఓటుకీ ఇదే రూల్. 1998 తీర్పు తప్పు, కొట్టేస్తున్నాం.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకో ముక్క. నేరం ఎప్పుడు పూర్తయినట్టు? కోర్టు అంది: డబ్బు తీసుకున్న క్షణంలో, లేదా తీసుకుంటానని ఒప్పుకున్న క్షణంలో. తర్వాత ఓటు అటు వేశారా, ఇటు వేశారా, అసలు వేశారా లేదా అన్నది అనవసరం. మొదట్లో నేనడిగిన చిక్కు ప్రశ్నకి 26 ఏళ్ల తర్వాత మామూలు మనిషి చెప్పే జవాబే చట్టం జవాబు అయింది. ఇద్దరి మీదా.

ఒక్క విషయం స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఆ రోజు ఫోన్లలో తిరిగిన ఫార్వర్డుల్లో సగం తప్పే. సీతా సోరెన్ లంచం తీసుకున్నారని సుప్రీంకోర్టు చెప్పలేదు. అది తేల్చాల్సింది కింది కోర్టు, సాక్ష్యాలు చూసి. ఓటు పేరు చెప్పి విచారణ నుంచి తప్పించుకోవడం కుదరదని మాత్రమే పైకోర్టు చెప్పింది. ఆవిడ ఆరోపణని ఒప్పుకోలేదు.

'అయితే మన ఓటుకు నోటు కేసు?' అని మీరు అడగబోతున్నారని తెలుసు. 2015లో తెలంగాణ ఎమ్మెల్సీ ఎన్నికప్పుడు నామినేటెడ్ ఎమ్మెల్యే, ఏసీబీ కెమెరాలు, డబ్బు కట్టలు, ఆడియో టేపులు, పేర్లన్నీ మీకు తెలుసు. అక్కడ ఆరోపణ డబ్బు ఇవ్వజూపారన్నది. ఇచ్చేవాళ్లకి 1998 తీర్పులోనూ గొడుగు లేదు. కాబట్టి 2024 తీర్పు వల్ల ఆ కేసు తలకిందులయ్యేదేమీ లేదు. రెండూ కలిపి వండిన వీడియోలు చూస్తే పక్కన పెట్టేయండి.

సరే, తీర్పు వచ్చిన పదిహేను రోజులకి సీత ఏం చేశారో చూద్దాం. 2024 జనవరి 31న మరిది హేమంత్‌ని భూముల కేసులో ఈడీ అరెస్టు చేసింది. ముఖ్యమంత్రి కుర్చీ చంపయీ సోరెన్‌కి వెళ్లింది. హేమంత్ భార్య కల్పన రాజకీయాల్లోకి వచ్చారు. పెద్దకోడలికి ఏమీ రాలేదు. మార్చి 19న సీత జేఎంఎంకి రాజీనామా చేసి, అదే రోజు బీజేపీలో చేరారు. భర్త పోయాక తనని, తన పిల్లల్ని పక్కన పెట్టేశారన్నది ఆవిడ బాధ. నిజం చెప్పాలంటే ఆ బాధలో బలం ఉంది. పార్టీ పుట్టిన ఇంటి పెద్దకోడలు పదిహేనేళ్లు ఎమ్మెల్యేగా ఉండి మంత్రి కాలేదు. టైమింగ్ మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది. మొన్నటిదాకా ఆవిడ కేసుని వేలెత్తి చూపించిన పార్టీ ఇప్పుడు ఆవిడకి కండువా కప్పింది. కేంద్రంలో అధికారంలో ఉన్నదీ వాళ్లే, సీబీఐ ఉన్నదీ కేంద్రం కిందే. నేను అంతకంటే ఏమీ అనను.

బీజేపీ ఆవిడకి దుమ్కా లోక్‌సభ టికెట్ ఇచ్చింది. మామగారు ఎన్నోసార్లు గెలిచిన సీటు. 22 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు, అదీ జేఎంఎం అభ్యర్థి చేతిలోనే. నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో జామా వదిలి జామ్‌తాడాలో నిలబడ్డారు. అవును, నెట్‌ఫ్లిక్స్ సిరీస్ జామ్‌తాడానే, 'సార్, మీ కేవైసీ ఎక్స్‌పైర్ అయింది' ఫోన్ల జామ్‌తాడా. అక్కడా ఓడిపోయారు. జార్ఖండ్‌లో హేమంత్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సీత పేరు ఇప్పుడు ఏ పదవి పక్కనా లేదు. తీర్పు పేరులో మాత్రం ఉంది. 'సీతా సోరెన్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా' అని లా విద్యార్థులు ఇక ఎప్పటికీ చదువుతారు, పక్క పేజీలోనే పీవీ కేసు.

ఈ కథ నేను మీకు చెప్పడానికి ఒక సొంత కారణం ఉంది. ఎన్నికల ముందు మన ఊళ్లలో కవర్లు తిరుగుతాయి కదా. అసెంబ్లీ అయితే ఓటుకి రెండు వేలో మూడు వేలో, ఉపఎన్నిక అయితే ఇంకా ఎక్కువ. అప్పుడు ప్రతి ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: 'తీసుకుంటే తప్పేంటి, వాడి డబ్బు తిని మనకి నచ్చినవాడికే ఓటేద్దాం.' తెలివైన మాటలా ఉంటుంది. పెద్ద నాయకులే సభల్లో ఈ సలహా ఇస్తారు, చప్పట్లు కూడా పడతాయి. నేనూ చాలా ఏళ్లు నవ్వుతూ విన్నాను.

సీత కేసులో ఏడుగురు జడ్జీలు పక్కన పెట్టింది సరిగ్గా ఈ లాజిక్‌నే. ఎమ్మెల్యే డబ్బు తీసుకుని ఓటు సొంత పార్టీకే వేసినా నేరం నేరమే అన్నారు. మరి మనకి? పాత ఐపీసీలో 171బీ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 170. ఓటు కోసం డబ్బివ్వడం నేరం, తీసుకోవడమూ నేరమే. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఓటు ఎవరికి వేశారన్నది ఆ సెక్షన్ అడగదు. మన ఓటు రహస్యం కాబట్టి అడిగినా తేలదు.

ఓటరు మీద ఈ కేసు పెట్టడం ఎంత అరుదో నాకూ తెలుసు. రోజుకూలీకి పోయే మనిషికి రెండు వేలు ఎంత పెద్దవో కూడా తెలుసు. కారులో రెండు కోట్లు పెట్టుకుని తిరిగినవాళ్లనీ, రెండు వేల కవరు పుచ్చుకున్న అవ్వనీ ఒకే తక్కెడలో తూచమని నేననను. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. మన దగ్గర ఓడిపోయిన అభ్యర్థులు ఇంటింటికీ వెళ్లి పంచిన డబ్బు తిరిగి ఇచ్చెయ్యమని అడిగిన వార్తలు మీరూ చూసే ఉంటారు, సర్పంచ్ ఎన్నికలప్పుడు ప్రతిసారీ వస్తాయి. మనం నవ్వుకుని షేర్ చేస్తాం. ఆయన వాదన ఏంటి? నేనిచ్చాను, నువ్వు తీసుకున్నావు, ఓటు మాత్రం వెయ్యలేదు, కాబట్టి తప్పు నీది. ఇచ్చినందుకు ఆయన సిగ్గుపడడు, తీసుకున్నందుకు ఇవతలివాళ్లూ సిగ్గుపడరు. గుమ్మం దగ్గర గొడవంతా ఎవరు మాట తప్పారన్న దాని మీదే.